తోడు లేకుండా వెళ్ళిన మార్పు

సుచిన్ అక్కని మీరు కలిసి తీరాలి. నిజంగా చెప్తున్నా! ఆవిడ లాంటి మనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు, ఎవరూ పట్టించుకోరు, ఆ మనిషి సెలవు పెట్టిన రోజున మాత్రం "ఏదీ, ఆవిడేదీ?" అని ఆఫీసంతా వెతుక్కుంటుంది. షిన్‌చూ స్టేషన్లో దిగి, ఆ ఊరి గాలికి టోపీ ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, బియ్యపు సేమియా ఆరబెట్టే వీధి దాటితే నాలుగంతస్తుల పాత బిల్డింగు. మూడో అంతస్తులో కిటికీ పక్క సీటు. పొట్టి జుట్టు, మెళ్ళో దారానికి వేలాడే కళ్ళద్దాలు, చొక్కా మాసిపోకుండా మోచేతి దాకా పూల తొడుగులు. పూర్తి పేరు లియావ్ సుచిన్. యాభై నాలుగేళ్ళు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఖాళీ ఏదీ? నాలుగు బ్రాంచీల్ని సాకుతున్నా" అంటుంది.

ఇప్పుడు వెళ్తే ఆ సీట్లో ఉండదనుకోండి. ఎందుకుండదో అదే చెప్పబోతున్నా.

ఆ కంపెనీ చేసేది చేపల చెరువులకి కంట్రోలర్ పెట్టెలు. గట్టు మీద తగిలిస్తారు. నీళ్ళలో ప్రాణవాయువు ఎంతుందో చూసుకుని అది నీళ్ళలో గాలి చిలికే ఏరియేటర్లని తిప్పుతుంది, ఆపుతుంది, కరెంటు పోతే జనరేటర్‌ని లేపుతుంది. దక్షిణాన పింగ్‌తుంగ్ జిల్లా చెరువుల నిండా ఇవే. పెట్టె లోపలి ప్రోగ్రాం ఏటేటా కొత్తది తయారవుతూనే ఉంటుంది, కానీ చెరువుల వాళ్ళు మహా మొండి. "బాగా తిరుగుతున్న పెట్టెని కెలుకుతానంటావేంటి, నీకేమైనా పిచ్చా?" అంటారు. అందుకని ఎనిమిదేళ్ళ కిందటి 2.4 వెర్షన్ ఇంకా బతికే ఉంది, 3.1 బతికే ఉంది, దాని తర్వాతది కూడా. ఒక్కోటీ ఒక్కో బ్రాంచి. కొత్తగా రాసేదంతా మాత్రం మెయిన్ బ్రాంచిలో పడుతుంది.

మెయిన్‌లో వెయ్యి మార్పులు జరిగుంటాయి. అందులో 2.4 వాళ్ళకి కావాల్సింది ఒక్కటే. మిగతా తొమ్మిదివందల తొంభై తొమ్మిదీ ముట్టుకోకుండా ఆ ఒక్కదాన్నే ఏరి, కాపీ చేసి, పాత బ్రాంచిలో పెట్టాలి. సుచిన్ అక్క పనే అది. పంతొమ్మిదేళ్ళుగా అదొక్కటే పని. మామూలుగా దీన్ని చెర్రీ పిక్ అంటారు. అక్క మియావ్‌లీలో వరి మళ్ళ మధ్య పెరిగిన మనిషి, ఆవిడ మాత్రం "నాటెయ్యడం" అంటుంది. నారుమడిలోంచి ఒక్క మొలకని తీసి ఇంకో మడిలో గుచ్చినట్టు.

"మొలకని పీకడం ఎవడైనా పీకుతాడు," అనేది కొత్తగా చేరిన వాళ్ళతో. "వేరు పట్టుకుని మట్టితో సహా తియ్యాలి. తెంపుకొచ్చి గుచ్చితే ఆ రోజుకి పచ్చగానే ఉంటుంది. నాలుగో రోజు చూడు."

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా, తర్వాత కావాలి. ఇలా నాటినప్పుడు ఆ మార్పు మొదట రాసినవాడి పేరు, రాసిన తేదీ కూడా దాంతో పాటే వస్తాయి. నాటిందెవరో లోపల ఎక్కడో ఉంటుంది, పనిగట్టుకుని వెతికితే తప్ప కనపడదు. పంతొమ్మిదేళ్ళు పనిచేసినా పాత బ్రాంచీల్లో సుచిన్ అక్క పేరు పైకి ఎక్కడా కనపడకపోవడం అందుకే. ఆవిడకి అదేం బాధ కాదు. "వరి తినేవాడు నాటిన కూలీ పేరు అడుగుతాడా?" అని నవ్వేసేది.

ఆవిడ ఎదురు సీట్లో ఆకున్ కూర్చునేవాడు. పాన్ వెన్‌కున్ అసలు పేరు, ఆకున్ అని పిలిస్తేనే పలికేవాడు. పింగ్‌తుంగ్‌లో జియాదోంగ్ అనే చేపల ఊరు వాడిది. చిన్నప్పుడు ఓ తుఫాను రోజున నాన్న చెరువులో చేపలన్నీ తేలిపోవడం చూశాడట. ఈ పెట్టెలు చేద్దామని కంపెనీ వెంటపడింది వాడే. సొంత ఊళ్ళో గట్టు గట్టుకీ తిరిగి, రబ్బరు బూట్లేసుకుని, పెట్టెలు బిగించింది కూడా వాడే.

ప్రోగ్రాంలో ప్రతి మార్పు కిందా, ఎందుకు మార్చామో నాలుగు ముక్కలు రాయాలి. అందరూ ఒక లైను గీకి పడేస్తారు. ఆకున్ మాత్రం ఉత్తరం రాసేవాడు.

"ఒరేయ్, నాలుగు లైన్లు మార్చి నలభై లైన్ల పురాణం ఏంట్రా?" అని అక్క కళ్ళద్దాల మీంచి చూసేది.

"నువ్వు చదువుతావు కదక్కా, అందుకే రాస్తా. ఈ ఆఫీసులో ఇంకెవడు చదువుతాడు? ఫాంగ్ మేనేజర్ సొంత మెయిలే చదవడు."

"నాకు వేరే పనిలేదనా?"

"నీకుండే పనే అది."

నిజానికి ఆ ఉత్తరాల్లో జోకులెన్ని ఉన్నా చివర్లో ఒక లైను మాత్రం తప్పకుండా ఉండేది. "తోడు:" అని రాసి, పక్కన ఒక నంబరు. ఈ మార్పుని నాటాలంటే ఆ నంబరు మార్పుని కూడా తీసుకెళ్ళాలి, లేకపోతే ఇది బతకదు అని అర్థం. ఆ పద్ధతి వాళ్ళిద్దరూ పెట్టుకున్నదే, కంపెనీ రూల్సులో ఎక్కడా లేదు.

సర్వర్ గది తాళంచెవి కూడా వీళ్ళిద్దరి దగ్గరే ఉండేది. సర్వర్ మీద ఆకుపచ్చ మరమరాల ప్యాకెట్టు ఒకటి పెట్టాలి, మెషీన్ బుద్ధిగా ఉండాలంటే. అక్కడి ఆఫీసుల్లో అదో నమ్మకం. ఆకుపచ్చదే, పసుపుది పెడితే మొరాయిస్తుంది. గడువు దాటకుండా మార్చాలి. ప్యాకెట్టు మీద గడువు తేదీని ఆకున్ మార్కర్‌తో అరచేయంత అక్షరాల్లో రాసేవాడు. "అక్కా, నీ కళ్ళకోసమే" అనేవాడు.

ముందటేడు అక్టోబర్లో వాడికి కడుపునొప్పన్నారు. కాలేయమన్నారు. జనవరిలో పోయాడు. నలభై ఒక్కేళ్ళు.

డిసెంబర్లో ఒక మధ్యాహ్నం అక్క ఆస్పత్రికి వాడికిష్టమైన పక్కటెముకల అన్నం డబ్బా పట్టుకెళ్ళింది. వాడు మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టేశాడు.

"బాగుంది," అన్నాడు.

"తినలేదు కదరా."

"వాసన బాగుందక్కా." డబ్బా పక్కన పెట్టి, "మెయిన్‌లో నావి నువ్వింకా పాత వాటికి తీసుకెళ్ళాల్సినవి పాతిక దాకా ఉన్నాయి. తొందరేం లేదు. వెళ్ళేటప్పుడు తోడు చూసుకో, చాలు."

"నాకు చెప్తున్నావా, పంతొమ్మిదేళ్ళుగా నాటుతున్నదానికి?"

"నీకు కాక ఇంకెవరికి చెప్తా?" అన్నాడు. అదే ఆఖరి మాట అన్నట్టు గుర్తు అక్కకి. తర్వాత ఇంకేమన్నా మాట్లాడుకున్నారేమో, గుర్తులేదు.

ఇక్కడి నుంచే అసలు కష్టం. మనిషి పోతే సీటు ఖాళీ అవుతుంది, మగ్గు కడిగి డబ్బాలో పెట్టి ఇంటికి పంపుతారు. కానీ మెయిన్‌లో వాడి మార్పులు వాడి పేరుతోనే ఉన్నాయి కదా. మార్చిలో ఒకటి 3.1కి నాటాల్సొచ్చింది. తెరిచింది. రాసినవారు: పాన్ వెన్‌కున్. కింద ఉత్తరం. జియాదోంగ్ బాతు ఒకటి సెన్సార్ వైరు తినేసిన కథేదో రాశాడు. అక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే, "ఒరేయ్, బాతు నిజంగా..." అని తలెత్తి ఎదురు సీటు వైపు చూసింది.

ఖాళీ కుర్చీ. కుర్చీ మీద ఎవరో గొడుగు ఆరబెట్టారు.

ఆ రోజు నుంచి ఆకున్ ఉత్తరాల్లో మొదటి లైను మాత్రమే చదవడం మొదలుపెట్టింది. కిందకి వెళ్తే వాడి గొంతు వినపడుతుంది. వినలేకపోయేది. మార్చి నుంచి జులై దాకా అలా ఆరు మార్పులు నాటింది. అదృష్టం, ఆరూ తోడు అక్కర్లేనివే, ఏం కాలేదు. ఏం కాకపోయేసరికి అదే అలవాటైపోయింది.

ఆగస్టులో, చాంద్రమానం ఏడో నెలలో, దెయ్యాల నెల పూజ రోజు. అన్ని ఆఫీసుల్లాగే వీళ్ళూ కింద పార్కింగులో బల్లవేసి పళ్ళు, బిస్కెట్లు, నూడుల్స్ ప్యాకెట్లు, ఆకుపచ్చ మరమరాలు పేర్చారు. దిక్కులేని ఆత్మలకి భోజనమన్నమాట. అందరూ మూడేసి అగరొత్తులు పట్టుకుని నిలబడ్డారు. ఆకున్ దిక్కులేని ఆత్మేం కాదు, వాడికి ఇంట్లో ధూపం వేసే అక్క ఉంది. అయినా సుచిన్ అక్క బల్ల చివర్న సుగంధి సోడా డబ్బా ఒకటి పెట్టింది. వాడు రోజూ తాగేదదే.

పక్కనుంచి ఫాంగ్ మేనేజర్ చూసి, మెల్లగా, "మూత తియ్యక్కా, వాడు తియ్యలేడేమో," అన్నాడు. ఎగతాళి కాదు, ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. అక్క మూత తీసింది. బుస్సుమని నురుగొచ్చి చేతి మీద పడింది.

పైకెక్కుతుంటే మేనేజర్ వెనకనుంచి అన్నాడు: "అక్కా, శనివారం తుఫానంట. కరెంటు తిరిగొచ్చినప్పుడు ఏరియేటర్లన్నీ ఒకేసారి లేచి ఫ్యూజు కొట్టేస్తున్నాయని దక్షిణం వాళ్ళు గోలగోల. మెయిన్‌లో దానికి మార్పు ఉంది కదా, సాయంత్రంలోగా 2.4లో పెట్టెయ్."

చేతికి సోడా జిగట ఇంకా అలాగే ఉంది. వెతికింది. దొరికింది. రాసినవారు: పాన్ వెన్‌కున్. రెండేళ్ళ కిందటిది. మొదటి లైను: "కరెంటు రాగానే అందరూ ఒక్కసారి లేవకూడదు, క్లాసులో హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరే లేవాలి."

స్క్రీన్ మసకబారింది. కింద ఇంకా పదిహేను లైన్లున్నాయి. అక్క కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, చదవకుండానే, నాటేసింది.

ఎక్కడా గొడవపడకుండా అతుక్కుంది. ప్రోగ్రాం మారుమాట్లాడకుండా తయారైంది. టెస్టు బల్ల మీద ఏరియేటర్ ఒకటే ఉంటుంది, కరెంటు తీసి పెడితే టక్కున లేచి తిరిగింది. పాస్. ఆ రాత్రికే అది నెట్ మీంచి 2.4 పెట్టెలన్నింటిలోకీ వెళ్ళిపోతుంది. అక్క సర్వర్ మీద కొత్త ఆకుపచ్చ ప్యాకెట్టు పెట్టి, గడువు తేదీ మార్కర్‌తో తనే రాసి, ఇంటికెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ మార్పులో ఉన్నదేంటో చెప్తా, చాలా చిన్నది. ఒక ఏరియేటర్‌కీ ఇంకో ఏరియేటర్‌కీ మధ్య "4000 ఆగు" అని ఉంది. మెయిన్‌లో అది సరిగ్గా నాలుగు సెకన్లు. ఎందుకంటే అంతకు ముందు వారమే ఆకున్ ఇంకో మార్పు చేసి, మెయిన్ అంతా సెకన్ల లెక్క తీసేసి, సెకనులో వెయ్యో వంతు లెక్క పెట్టాడు. 2.4లో ఆ మార్పు లేదు. అక్కడ ఇంకా సెకన్లే. అంటే నాలుగు వేల సెకన్లు. గంట దాటి ఏడు నిమిషాలు, ఒక్కో ఏరియేటర్‌కి.

శనివారం మధ్యాహ్నం జియాదోంగ్‌లో కరెంటు పోయింది. త్సాయ్ జిన్‌ఫా అనే రైతు చెరువులో పదకొండు నెలలు పెంచిన గ్రూపర్ చేపలున్నాయి, ఇంకో మూడు వారాల్లో పట్టబోతున్నారు. పెట్టె జనరేటర్‌ని లేపింది, మొదటి ఏరియేటర్ తిరిగింది. జిన్‌ఫా గట్టు మీంచి ఆ చప్పుడు విని, సరేలే అనుకుని, గాలికి రేకులు లేచిపోతున్న బావమరిది ఇంటికి పరిగెత్తాడు. మూడు గంటల తర్వాత తిరిగొచ్చి చూస్తే ఎనిమిదింట్లో మూడే తిరుగుతున్నాయి. చెరువు తెల్లగా ఉంది. నురుగనుకున్నాడట ముందు. కాదు, చేపల కడుపులు.

అతను పొర్లి పొర్లి ఏడవలేదు. పెట్టె ముందు నిలబడి, మిగతా స్విచ్చులు ఒక్కోటీ చేత్తో వేశాడు. వేసి, ఎనిమిదీ తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం పొద్దున ఫాంగ్ మేనేజర్ 2.4 తెరిచి, ఈ లైను రాసిందెవరు అని సిస్టంనడిగాడు. సిస్టం అబద్ధం చెప్పదు కదా. పాన్ వెన్‌కున్ అంది. రైతు సంఘం నుంచి నిమిషానికో ఫోను. మధ్యాహ్నానికల్లా ఒక పేజీ రిపోర్టు వెళ్ళిపోయింది: లోపం కీర్తిశేషులు పాన్ వెన్‌కున్ రాసిన భాగంలో ఉంది, తొలగించాం, చింతిస్తున్నాం.

అదే సమయానికి కిటికీ పక్క సీట్లో సుచిన్ అక్క ఆ ఉత్తరాన్ని మొదటిసారి కిందదాకా చదువుతోంది. చివర ఇలా ఉంది:

"తోడు: 1187. సుచిన్ అక్కా, నువ్వు దీన్ని ఎప్పుడో 2.4కి తీసుకెళ్తావని నాకు తెలుసు. రెండూ కలిపి తీసుకెళ్ళు. ఇదొక్కటే వెళ్తే నాలుగు సెకన్లు గంటైపోతుంది, మా ఊరి చేపలన్నీ చచ్చి నన్ను తిడతాయి, మా అక్క నాకు గుడ్డు రొట్టె పెట్టడం మానేస్తుంది. నీదే పూచీ."

అక్క ఆ పేజీ ప్రింటు తీసుకుని మేనేజర్ గదిలోకెళ్ళింది. ఆయన చదివాడు. ఇంకోసారి చదివాడు. లేచి తలుపు వేశాడు.

"ఎవరెవరు చూశారిది?"

"నేనే. ఫాంగ్, రిపోర్టు మార్చు. తప్పు ఆకున్‌ది కాదు, నాది. నాటింది నేను."

"కూర్చో అక్కా."

"కూర్చోను."

"చూడు, చనిపోయినవాడి పాత లోపమంటే జనం అయ్యో అని ఊరుకుంటారు. పోయిన వారం మేమే చేతులారా పెట్టామంటే ఊరుకోరు. రెండువందల చెరువుల వాళ్ళు రేపే పెట్టెలు పీకి రోడ్డు మీద పారేస్తారు. ఇక్కడ పదకొండు కుటుంబాలున్నాయి. నీకింకా రిటైర్మెంటుకి ఎన్నేళ్ళుంది? ఆకున్ ఉంటే ఏమనేవాడు? నా మీద వేసుకోండి అనేవాడు కాదా?"

అక్కకి తెలుసు, వాడు నిజంగానే అలా అనేవాడు.

"ఇంకోటి," అన్నాడు మేనేజర్, కాగితం మడిచి తిరిగిస్తూ. "ఇకమీదట ఆకున్ రాసినవేవీ పాత బ్రాంచీలకి తీసుకెళ్ళొద్దు. రిపోర్టులో అలా రాశాం కాబట్టి, అలాగే ఉండాలి."

పాతికలో పద్దెనిమిది మిగిలున్నాయి. అవన్నీ అక్కడే ఉండిపోవాలన్నమాట, ఎవరికీ పనికిరాకుండా.

గురువారం జియాదోంగ్ నుంచి ఫోనొచ్చింది. ఆకున్ వాళ్ళ అక్క, ష్యూజీ. ఊళ్ళో టిఫిన్ కొట్టు ఆమెది. చెరువుల వాళ్ళంతా పొద్దున్నే మేత వేసి అక్కడికే వస్తారు. సుచిన్ అక్కకి పన్నెండేళ్ళ పరిచయం, చాంద్రమాన కొత్త సంవత్సరానికి ఎండు చేపలు పంపేది.

"అక్కా, నిన్న నలుగురు తిన్నారు. ఇవాళ ఇద్దరు. పెనం వేడెక్కేసరికి కొట్టు ఖాళీ." ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. "పక్క బల్ల మీద ఒకాయన నాకు వినపడేలా అంటున్నాడు, ‘తమ్ముడు చేపలు చంపాడు, అక్క గుడ్లు చంపుతోంది’ అని. మా తమ్ముడు నిజంగా తప్పు చేశాడా? నీకు తెలుస్తుంది కదా, చెప్పు."

"వస్తున్నా," అంది అక్క. "శనివారం వస్తున్నా. ఫోన్లో కాదు."

కాగితాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తొలి రైలెక్కింది. పెద్ద రైలు దిగి చిన్న రైలెక్కితే కిటికీ అవతలంతా చెరువులు, ఏరియేటర్లు, నీటి తుంపర. జిన్‌ఫా చెరువేదో ఆవిడకి తెలియదు. ఎండిపోయిన చెరువొకటి కనపడ్డప్పుడల్లా ఇదేనేమో అనుకుంది.

కొట్టు చేరేసరికి తొమ్మిదైంది. చిత్రం, ఖాళీగా లేదు. ముగ్గురు నలుగురు కూర్చుని తింటున్నారు. ష్యూజీ చెమటలు కక్కుతూ పెనం మీద ముల్లంగి ముక్కలు తిప్పుతోంది.

"అక్కా! రా రా, కూర్చో. సోయా పాలు వేడివా చల్లవా? నువ్వేంటి ఇంత చిక్కిపోయావు, షిన్‌చూలో గాలే భోంచేస్తున్నావా?"

"జనం వచ్చారే," అంది సుచిన్ అక్క.

"వచ్చారు." ష్యూజీ గొంతు తగ్గించింది. "మొన్న మా తమ్ముడి ఫొటో ముందు ధూపం వెలిగించి బాగా తిట్టాను. చచ్చినోడివి చావకుండా ఊరిని చంపావేంట్రా అని. తిట్టి తిట్టి ఏడ్చాను. అప్పుడు తట్టింది, పాపం వాడు ఒంట్లో బాగాలేనప్పుడు రాసుంటాడు. ఆ మందులు, ఆ నొప్పి, బుర్ర ఏం పనిచేస్తుంది? అంతే, మనసు తేలికైపోయింది. నిన్న జిన్‌ఫా అన్న దగ్గరికి నేనే వెళ్ళి చెప్పాను. జబ్బులో రాశాడన్నా, క్షమించు అన్నాను. ఆయన తలాడించి గట్టు మీదకి వెళ్ళిపోయాడు. ఇవాళ పొద్దున వచ్చాడు. అదిగో."

గోడ పక్క బల్ల దగ్గర ఎండకి నల్లబడిన మనిషొకాయన తలొంచుకుని రొట్టె తింటున్నాడు. తన మాటే వస్తోందని గ్రహించి తలెత్తాడు.

"మీరేనా కంపెనీ నుంచి?" అన్నాడు. "వెన్‌కున్ మంచివాడండి. ఈ పెట్టె వాడే బిగించాడు నాకు. జబ్బు మనిషి చేత పని చేయించుకోవడం మీ కంపెనీ తప్పు. వాడిదేముంది?"

సుచిన్ అక్క బ్యాగు మీద చెయ్యి పెట్టింది.

చూడండి, ఆవిడ చెప్పకుండా వెనక్కొచ్చేసుంటే సరిపోయేది. ఊరు క్షమించింది. వాడి అక్క క్షమించింది. పెనం మళ్ళీ వేడెక్కింది. కానీ ఆ మార్పు రాసినప్పుడు ఆకున్‌కి ఏ జబ్బూ లేదు. రోజూ మెట్లు రెండేసి ఎక్కేవాడు. బుర్ర చురకత్తిలా ఉండేది. వాడు జాగ్రత్తగా, పేరు పెట్టి, రెండేళ్ళ ముందే చెప్పాడు. ఇప్పుడు ఊళ్ళో అందరి లెక్కలోనూ వాడు మందుల మత్తులో చేపల్ని చంపిన అభాగ్యుడు. అందరూ జాలిపడి క్షమించేశారు, వాడు చెయ్యని దానికి.

బ్యాగులోంచి కాగితం తీసింది.

"ఏంటక్కా అది?"

"ఆకున్ రాసింది."

ష్యూజీ మొహం వెలిగిపోయింది. "వాడు రాసిందా! చేతులు నూనె చేతులు, నువ్వు చదువు. గట్టిగా చదువు."

సుచిన్ అక్క చదివింది. హాజరు పిలిచినట్టు లేవాలన్న దగ్గర జిన్‌ఫా చిన్నగా నవ్వాడు. మా అక్క గుడ్డు రొట్టె పెట్టడం మానేస్తుంది అన్న దగ్గర ష్యూజీ పడీ పడీ నవ్వింది, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "దొంగ వెధవ! చూశావా అన్నా, ఆఫీసు కాగితాల్లో కూడా నా రొట్టె..."

అప్పుడు ఆగింది.

"రెండూ కలిపి తీసుకెళ్ళమన్నాడా?"

"అవును."

"నీకే రాశాడు. సుచిన్ అక్కా అని."

"అవును. రెండేళ్ళ కింద. అప్పుడు వాడికి ఏ జబ్బూ లేదు ష్యూజీ. ఒక్కటే తీసుకెళ్ళాను. చివరిదాకా చదవలేదు. వాడి రాత చూస్తే... చదవలేకపోయాను."

పెనం మీద ముల్లంగి ముక్కలు మాడుతున్నాయి. ష్యూజీ స్టవ్ ఆపింది. మాడిన ముక్కల్ని గీకి బుట్టలో పడేసింది, పెనం మొత్తం తుడిచింది, ఒక్క చుక్క నూనె లేకుండా.

"వాడు చెప్పాడన్నమాట," అంది పెనంతో.

"ష్యూజీ..."

"నేను వాడిని తిట్టాను. ఫొటో ముందు నిలబడి, నోటికొచ్చినట్టు."

జిన్‌ఫా లేచాడు. సుచిన్ అక్క తనని కొడతాడనుకుంది, కొట్టినా బాగుండుననుకుంది. ఆయన కొట్టలేదు. ష్యూజీ వైపు తిరిగి, "రేపు కూడా వస్తానమ్మా, మా వాళ్ళని కూడా తీసుకొస్తా," అన్నాడు. సుచిన్ అక్క పక్కనుంచి వెళ్తూ ఆగాడు. "మీవాళ్ళకి కాగితం మీద రాయండి ఇది. మీ పేరుతో." వెళ్ళిపోయాడు.

ష్యూజీ ఒక గుడ్డు రొట్టె చుట్టి, సంచిలో పెట్టి, ముడివేసి, బల్ల మీద పెట్టింది.

"రైల్లో తినండి," అంది. "పదిన్నర బండి పోతే మధ్యాహ్నం దాకా లేదు మీకు."

ఆ కాగితం మాత్రం అక్క చేతిలోంచి తీసుకుంది, తిరిగివ్వలేదు. నూనె చేతులతోనే మడిచి జేబులో పెట్టుకుంది.

సోమవారం సుచిన్ అక్క రైతు సంఘానికి తన పేరుతో ఉత్తరం రాసింది. ఫాంగ్ మేనేజర్ చదివి, అరవలేదు, తిట్టలేదు. "ఇంత పని చేస్తావనుకోలేదక్కా," అన్నాడు. అది తిట్టుకంటే గట్టిగా తగిలింది. సీటు ఖాళీ చేసి వెళ్ళేముందు అక్క ఆఖరిసారి 2.4 తెరిచి, 1187 నాటింది, దాని పక్కన ఆ పాత మార్పుని మళ్ళీ నాటింది. రెండూ కలిపి. రెంటి మీదా పేరు పాన్ వెన్‌కున్. ఈసారి అడుగున ఒక లైను తన చేత్తో చేర్చింది: "మొదటిసారి తోడు లేకుండా తీసుకెళ్ళింది లియావ్ సుచిన్." ఆ బ్రాంచిలో పైకి కనపడేలా ఆవిడ పేరున్నది అదొక్కచోటే.

రెండువందల చెరువుల్లో నలభై మంది పెట్టెలు పీకేశారు. ముగ్గురి ఉద్యోగాలు పోయాయి, అక్కది కాక. జియాదోంగ్‌లో ఆకున్ పేరు మీద ఇప్పుడు మచ్చలేదు, కొట్లో పొద్దున్నే కూర్చోడానికి చోటుండదట. ఆ సంగతి కూడా అక్కకి జిన్‌ఫా ద్వారానే తెలిసింది. ష్యూజీ ఫోనెత్తదు. కొత్త సంవత్సరానికి ఎండు చేపలు రాలేదు.

అక్క ఇప్పుడు మియావ్‌లీలో తమ్ముడి ఇంటి దగ్గరుంటోంది. వెళ్తే టీ ఇస్తుంది, ఆకున్ రాసిన బాతు కథ చెప్తుంది, నవ్విస్తుంది కూడా. సర్వర్ మీద పెట్టిన ఆకుపచ్చ ప్యాకెట్టు గడువు నవంబరుతో అయిపోయింది, ఎవరన్నా మార్చారో లేదో అని అడుగుతుంది. వెళ్ళబోతుంటే గుమ్మం దాకా వచ్చి ఇంకొకటి కూడా అడుగుతుంది, వచ్చిన ప్రతివాళ్ళనీ అడుగుతుందట. అక్కడ జవాబు చెప్పలేక నీళ్ళు నమలాల్సొస్తుంది, అందుకే ముందే మీకు చెప్తున్నా, ఆలోచించుకుని వెళ్ళండి. చనిపోయిన తమ్ముణ్ణి క్షమించేసి, పెనం వెలిగించుకుని, నవ్వుతూ నిలబడ్డ ఆ మనిషి ముందు మీరే ఉంటే, బ్యాగులోంచి ఆ కాగితం తీసేవాళ్ళా?